పాళ్ళు తెలిసిన చేయి

నది సముద్రంలో కలిసే చోటును తీరవాసులు ‘మొగ’ అంటారు. అక్కడ ఇసుక మేటలపై అలలు విరిగి పడుతుంటాయి. ఆ ఉరవడిలో ఇంజను క్షణకాలం ఆగినా చిన్న పడవ అలకు అడ్డం తిరిగి బోల్తాపడవచ్చు. పెట్రోలు ఇంజనుతో వేటకు వెళ్ళే వారి ప్రాణాలు అప్పుడు అరచేతిలో ఇమిడే ఒక లోహపాత్రపై ఆధారపడి ఉంటాయి. అదే కార్బురేటరు.

గాలిని, ఇంధనాన్ని తగిన పాళ్ళలో కలిపి ఇంజనుకు అందించడం దాని విధి. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి తూకంలో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. కార్బురేటరు గొంతు నడుమ ఇరుకుగా ఉంటుంది. అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. 1738లో డేనియల్ బెర్నౌలీ వివరించిన సూత్రమే దీనికి ఆధారం. తగ్గిన ఆ పీడనం వల్ల అడుగు గిన్నెలోని పెట్రోలు, జెట్టు అనే సన్నని రంధ్రం గుండా పైకి వచ్చి తుంపరలుగా మారుతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ విరామంలో గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరై, జిగురువంటి పొర పేరుకొని జెట్టును మూసివేస్తుంది. నిషేధం ముగిసే వేళకు మెకానిక్కుకు పని మొదలవుతుంది.

అతడు శుభ్రమైన గుడ్డ పరచి, విప్పిన ప్రతి భాగాన్నీ వరుసగా పేరుస్తాడు. మిశ్రమాన్ని సరిచేసే మరను విప్పేముందు, దానిని మెల్లగా చివరి వరకు బిగించి, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటాడు. జెట్టులో తీగ దూర్చడు. ఇత్తడి మెత్తని లోహం. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా పాళ్ళు తప్పుతాయి. ద్రావకంలో నానబెట్టి, గాలి ఒత్తిడితో మలినాన్ని పోగొడతాడు. పాత గాస్కెట్లు తీసి కొత్తవి వేస్తాడు.

అసలైన పరీక్ష శ్రుతి చేయడంలో ఉంది. నీటిలో దించిన ఇంజను వేడెక్కాక మరను కొద్దికొద్దిగా తిప్పుతాడు. పెట్రోలు ఎక్కువైతే ఇంజను బరువుగా మూలుగుతుంది, ప్లగ్గు మసిబారుతుంది. తక్కువైతే తడబడుతుంది. నూనె కలిపిన పెట్రోలుతో నడిచే టూస్ట్రోకు ఇంజనులో ఈ లోటు మరీ ప్రమాదకరం. పెట్రోలుతోపాటు నూనె కూడా తగ్గి, పిస్టను బిగుసుకుపోవచ్చు.

ఈ రెండింటి నడుమ ఇంజను అతి మధురంగా పలికే చోటు ఒకటుంది. అతడు అక్కడ ఆగడు. మరను మరికొంచెం వెనుకకు తిప్పి, పెట్రోలు కాస్త మిగులుగా అందే చోట నిలుపుతాడు. ఒడ్డున ఇంపుగా మోగిన ఇంజను, మొగలో ఒక్కసారిగా వేగం పెంచితే, పెట్రోలు చాలక ఆగిపోవచ్చునని అతనికి తెలుసు. కొంత మాధుర్యాన్ని వదులుకొని అతడు భద్రతను ఎంచుకుంటాడు.

కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని పదకొండవ శతాబ్దంలో క్షేమేంద్రుడు ప్రతిపాదించాడు. ఏది ఎంత ఉండాలో అంతే ఉండడం ఔచిత్యం. ఆ శాస్త్రం చదవని మెకానిక్కు చేతివేళ్ళకు ఆ వివేకం అలవడింది. వేకువనే మొగ దాటిన పడవ వలతో, మనుషులతో క్షేమంగా తిరిగి వచ్చినప్పుడు అతని పని సార్థకమవుతుంది.