రాట్నం ఆగిన చోట

షూబర్ట్ పాటలు నేర్పేటప్పుడు నేను ముందు గొంతు జోలికి పోను. ‘రాట్నం ముందు గ్రేట్షెన్’ పాటే చూడండి. గోథే రాసిన ఫౌస్ట్ నాటకంలో, ప్రియుడి ధ్యాసలో పడ్డ పిల్ల వడుకుతూ అనుకునే మాటలు. 1814లో వాటికి బాణీ కట్టేనాటికి షూబర్ట్‌కి 17 ఏళ్ళు. పియానో మీద కుడిచేయి చక్రంలా తిరుగుతూనే ఉంటుంది. ఎడమచేతిలో కాలితో తొక్కే చప్పుడు.

పాడేవాళ్ళ కన్నంతా ముద్దు గుర్తుకొచ్చే చోటున్న పైస్వరం మీదే. అక్కడ రాట్నం ఆగిపోతుంది. ఆ స్వరం నిలబెట్టించడానికే గురువులు వారాలు ఖర్చుపెడతారు. నాకైతే అసలు కష్టం ఆ తర్వాత ఉందనిపిస్తుంది. చక్రం కొంచెం కదిలి ఆగుతుంది, మళ్ళీ కదిలి ఆగుతుంది, అప్పటికిగాని తిరగదు. అంతసేపూ గాయనికి ఒక్క మాట లేదు.

కర్ణాటక సంగీతం నుంచి వచ్చిన ఒకమ్మాయి ఆ ఖాళీని వేళ్ళ మీద లెక్కపెట్టేది. తాళం తప్పుతుందేమోనని భయం.

“రాట్నం ఎవరు తిప్పుతున్నారమ్మా?” అన్నాను.

“పియానో ఆయనండీ.” (నిజమే మరి!)

“పాడొద్దు. లెక్కా వద్దు. ఆయన మొదలుపెట్టిన ప్రతిసారీ నువ్వు కాలితో తొక్కు.”

ఒకసారి తొక్కింది. రెండోసారి పాదం సగం లేపి, “తొక్కబుద్ధి కావట్లేదండీ,” అంది.

ఆ తర్వాత పల్లవి ఎత్తుకుంటే గొంతు ఇదివరకటికన్నా చిన్నగా వచ్చింది. పరీక్షలో దీనికి మార్కులు తగ్గుతాయేమో. పెంచమని మాత్రం నేను అనలేదు.