ఒంటిగా నాడదగిన యాట

ఆట యనగా ఇద్దఱుండవలెననియు, ఒక్కతె కూర్చుండి ఆడుకొనుట వెఱ్ఱితనమనియు మనలో ననేకులు తలంతురు. మా కౌతాళము ప్రాంతమున పంట చేతికి రాని యేడు పడుచువారు మిరపకోతలకై గుంటూరు సీమకు వలసపోవుదురు. ఇంట అవ్వ యొక్కతె మిగులును. చదువు వచ్చినవారికి పుస్తకము తోడు. చదువు రాని అవ్వకు, చూపు మందగించిన అత్తగారికి తోడేది? వారికి తగిన ఆట నెంచి యిచ్చుటయు నొక సేవయే యని మా యభిప్రాయము.

1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆట వెలువడెను. నలుగురు బల్లచుట్టు చేరి, ఒకరు వీరుడుగను ఒకరు మాంత్రికుడుగను పాత్రలు ధరించి, పాచికలు వేయుచు కథ నడుపుదురు. అట్టి మఱియొక ఆటను తోడు లేనివారు ఒంటిగా నాడుకొనుటకై 1976లో 'బఫెలో కాసిల్' అను పుస్తకమే వచ్చినది.

ఇక మన యిండ్లలోని ఆటలను చూతము. పులిజూదము ఒంటికి తగదు. పులి యెత్తు వేయు మనస్సే మేక యెత్తును వేయవలసివచ్చును. వైకుంఠపాళి మేలు. పందెము పడినట్లు నడచుటయే కాని అందు ఎత్తు లేదు. ఏ పుణ్యమున నిచ్చెన యెక్కితిమి, ఏ దోషమున పామునోట పడితిమి అని పందెమున కొక మాట కల్పించుకొన్నచో, పైని చెప్పిన పాత్రధారణము మన పటము మీదనే జరుగును.

అన్నిటికంటె మాకు నచ్చినది వామనగుంటలు. తమిళనాట ఈ యాటను ఒక్కరే యాడు పద్ధతికి సీత పేరు పెట్టి, అశోకవనమున సీతమ్మ ఇట్లాడుకొన్నదని చెప్పుకొందురు. వాల్మీకి రామాయణమున ఈ ముచ్చట లేదు. ఒంటరి స్త్రీలే ఆ తల్లిని తమకు తోడు తెచ్చుకొనిరి కాబోలు.

ఒంటిగా నాడుటకు ఒక తీరు చెప్పెదము. ఒక వరుసలోని ఏడు గుంటలలో ఏడు, ఆరు, ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి చొప్పున 28 చింతగింజలు పోయవలెను. ఏడున్న గుంటను తీసి, ప్రక్క గుంట మొదలు ఒక్కొక్క గింజ వేయుచు, వరుస ముగియగనే మొదటికి రావలెను. కడపటి గింజ తీసిన గుంటలోనే పడును; ప్రక్క గుంటలో ఏడు చేరియుండును. ఇట్లు ఏడు మారులు చేసినచో తొలి యమరికయే తిరిగి వచ్చును. ఇందు గెలుపు లేదు, ఓటమి లేదు. పాలు పొంగవచ్చినను, బిడ్డ యేడ్చినను లేచిపోవచ్చును. మరలివచ్చినప్పుడు ఏడు గింజల గుంటయే ఆట యెచట నిలిచినదో చెప్పును. చూపు లేనివారికి వ్రేళ్ళే చాలును.

అయినను ఆట నేర్పితిమి గదా యని పెద్దల ప్రక్కను కూర్చుండుట మానరాదు. వామనగుంటల పలకకు రెండవ వరుసయు గలదు. వలసనుండి తిరిగివచ్చిన మనుమరాలు ఎదుట కూర్చుండిననాడు ఆ గుంటలును నిండవలెను.