ఇంటినిండా పత్తి... వాకిటినిండా మిరప

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి పల్లెల్లో డెబ్భై ఏళ్లు దాటినవాళ్లని చిన్నతనం గురించి అడిగి చూడండి. చెప్పే ప్రతి ముచ్చటలోనూ ఓ రోలు, ఓ కుండ, ఓ పత్తిగుట్ట కనిపిస్తాయి. పంట కూడా ఇంట్లో మనిషిలా బతికిన రోజులవి!

మాఘమాసం దాటిందంటే చాలు, నరసరావుపేట నుంచి చిలకలూరిపేట, అక్కణ్నుంచి పర్చూరు వెళ్లే దారిలో ముందు ఘాటు తగులుతుంది. ఆ తర్వాతే రంగు కనిపిస్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు తుమ్ముతూనే బయటికి చూస్తారు. కల్లాల నిండా ఎర్రగా మిరపకాయలు. వాటి వెనక చేలల్లో అక్కడక్కడా ఇంకా తీయని పత్తి.

ఈ నేల మీద సర్కారు గీతలు చాలాసార్లు మారాయి. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంతకొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలొచ్చాయి. గీతలెన్ని మారినా మట్టి మాత్రం ఒక్కటే. వానొస్తే చెప్పుల్ని పట్టుకుని వదలదు, ఎండొస్తే నెర్రెలిస్తుంది. ఆ మట్టిని నమ్ముకున్న ఇళ్లలో రోజు గడిచే తీరు కూడా ఒక్కలాగే ఉండేది.

దాలి మీద పాలు

1950లు, 60లనాటి మాట. తెల్లవారుజామున ఇంటికి మెలకువ తెచ్చేది అలారం కాదు, తిరగలి చప్పుడు. ఓ పక్క జొన్నలు విసురుతుంటే ఇంకో పక్క కవ్వం తిరుగుతుండేది. నల్లరేగడిలో చాలాచోట్ల బావి తవ్వితే పడేది ఉప్పునీళ్లే. అవి వాడుకకి. తాగడానికి మాత్రం చెరువునీళ్లే గతి. ఆడవాళ్లు బిందె మీద బిందె పెట్టుకుని, మగవాళ్లు కావిళ్లతో మోసుకొచ్చేవాళ్లు. వేసవిలో చెరువు అడుగంటి నీళ్లు బురదగా వస్తే చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేవాళ్లు. కాసేపటికి మట్టంతా అడుక్కి చేరి పైన తేటనీరు నిలిచేది. ఫిల్టర్లూ, క్యాన్లూ తెలియని రోజుల్లో ఇంటింటి శుద్ధి విధానం అదే.

దొడ్లో దాలి. పిడకలు పేర్చి నిప్పు రాజేసి పాలకుండ పెడితే సాయంత్రం దాకా సన్నసెగ మీద కాగుతూనే ఉండేవి. ఎర్రగా, మందంగా మీగడ కట్టేది. తోడు పెట్టేశాక ఖాళీ కుండ గోకి తినడానికి పిల్లల మధ్య చిన్నసైజు యుద్ధమే జరిగేది. పాలు అంత చిక్కగా ఉండటం వెనక కూడా పత్తే ఉంది. నానబెట్టిన పత్తిగింజల్ని రోట్లో రుబ్బి పాడిగేదెకీ, అరక దున్నే ఒంగోలు ఎద్దులకీ పెట్టేవాళ్లు. బడికెళ్లే ముందు ఆ రుబ్బే పనిలో ఓ చెయ్యి వెయ్యని పిల్లలు తక్కువ.

భోజనం అంటే మెట్టపల్లెల్లో జొన్నన్నమే. వరి అన్నం పండక్కీ, చుట్టాలొచ్చినప్పుడూ. పల్నాటి జొన్నకూడు తినలేక శ్రీనాథుడంతటివాడు చాటువులు చెప్పాడని ప్రతీతి. ఆ జొన్నన్నంలోకి గోంగూర పచ్చడి, ఓ ఉల్లిపాయ ఉంటే మాత్రం ఇక్కడివాళ్లకి కవిగారి ఫిర్యాదు అర్థంకాదు!

రోకలి పోటు... అరచేతి మంట

సంక్రాంతి దాటాక పండుమిరపకాయలు ఇంటికొచ్చేవి. తొడిమలు తీసి, ఉప్పు, చింతపండు వేసి తొక్కితే కొరివికారం. జాడీలోకి ఎత్తి పెట్టుకుని, కావల్సినప్పుడల్లా కొంచెం తీసి పోపు పెట్టుకుంటే ఏడాది గడిచిపోయేది. ఎండలు ముదిరాక ఎండుమిరపకాయల వంతు. తాలుకాయలు ఏరేసి, మంచివి నాలుగు రోజులు గలగలలాడేలా ఎండబెట్టి రోట్లో పోసేవాళ్లు. ఎదురెదురుగా ఇద్దరు నిలబడి ఒకరి తర్వాత ఒకరు రోకలి వేస్తుంటే ఆ లయ వీధి చివరిదాకా వినిపించేది. ఆ ఘాటుకి పిల్లలు పక్కవీధికి పరార్. జీలకర్ర, ధనియాలు, మెంతులు, వెల్లుల్లి... ఎవరి ఇంటి పాళ్లు వాళ్లవి. కోడలు వచ్చిన మొదటి వేసవిలోనే అత్తగారి పాళ్లు నేర్చుకోవాలి.

చెప్పుకోవడానికి ఎంతో ముచ్చటగా ఉండే ఈ పనిలో ముచ్చట కానిదీ ఉంది. కారం కొట్టిన రోజు రాత్రి చేతులు భగభగ మండేవి. మజ్జిగలో ముంచినా, నూనె రాసినా నిద్ర పట్టేది కాదు. చంటిబిడ్డను ఎత్తుకోవాలంటే భయం. ఆ మంట సంగతి ఏ జాడీ మీదా రాసి ఉండదు.

అదే మిరపకాయ మందూ అయ్యేది. పిల్లాడు అన్నం మానేసి నీరసంగా ఉంటే, ఉప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట పట్టి మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేవాళ్లు. కోరు రాకపోతే ‘ఎంత దిష్టి తగిలిందో!’ అని అమ్మమ్మ మెటికలు విరిచేది.

పత్తి గదిలో దీపం నిషిద్ధం

పత్తి తీత మొదలైతే ఇంట్లో మనుషులు వసారాలోకి మారాల్సిందే. మధ్యగది పత్తిది. బేరం కుదిరి బండి కదిలేదాకా అది అక్కడే. పైకప్పుదాకా లేచిన ఆ తెల్లటి గుట్ట మీదికి ఎక్కి దూకడం పిల్లలకి పండగ. దొరికితే దెబ్బలు, దొరక్కపోతే స్వర్గం! కిరసనాయిలు బుడ్డిని మాత్రం ఆ గది గడప దాటనిచ్చేవాళ్లు కాదు. నిప్పురవ్వ పడితే ఏడాది కష్టం ఎగిరిపోతుంది మరి.

అమ్మగా మిగిలింది ఇంటికి. మధ్యాహ్నం అరుగు మీద ముసలమ్మలు గింజ తీసి వత్తులు చేసుకునేవాళ్లు. ఆడపిల్ల పెళ్లి కుదిరిందంటే దూదేకులవాళ్లకి కబురెళ్లేది. వాకిట్లో వాళ్ల విల్లు ‘టంగ్‌... టంగ్‌’మని మోగుతుంటే దూది మంచులా లేచేది. పరుపు, దిండ్లు అక్కడే తయారు. చివరికి చేలో మిగిలిన పత్తికట్టె కూడా పొయ్యిలోకి వచ్చేది. గింజ గొడ్డుకి, దూది మంచానికి, కట్టె పొయ్యికి... పారేసేది ఏదీ లేదు.

శివరాత్రికి కోటప్పకొండ ప్రయాణం. మిరప డబ్బులు చేతికందే రోజులవి. బండికి గూడు కట్టి, ఎద్దులకి మువ్వల పట్టెడలు వేసి, ఊరి ప్రభ వెనక కదిలితే ఇంటిల్లిపాదీ తెల్లారేదాకా తిరునాళ్లలోనే.

గుమ్మం లోపలి విత్తనం

నల్లరేగడి ఇళ్లలో అసలు సంపద కనిపించేది కాదు. జొన్నలు నేల కింద పాతరలో ఉండేవి. పాతర తీసిన రోజు వెంటనే ఎవరినీ దిగనిచ్చేవాళ్లు కాదు. లోపలి చెడుగాలి ప్రాణం తీస్తుందని ముందు లాంతరు దించి చూసేవాళ్లు. అది కొండెక్కకపోతేనే మనిషి దిగేది.

విత్తనం మాత్రం ఇంటి ఆడవాళ్ల చేతిలో. చేలో బలంగా ఉన్న మొక్కల్ని ముందే గుర్తుపెట్టుకుని, వాటి పండుకాయల్ని విడిగా ఎండబెట్టి, గింజలకి బూడిద కలిపి కుండలో పోసి మూతికి గుడ్డ కట్టేవాళ్లు. విత్తేముందు పత్తిగింజల్ని పేడనీళ్లతో రుద్దడం పిల్లల పని. నూగు అణిగితే గింజలు ఒకదానికొకటి అంటుకోవు. పక్కింటివాళ్లు అడిగితే ఓ సోలెడు ఇచ్చేవాళ్లు, పంటొచ్చాక మళ్లీ సోలెడు పుచ్చుకునేవాళ్లు.

అయితే ఈ జ్ఞాపకాలు ఊరందరివీ కావు. మధ్యగది నిండా పత్తి ఉన్న ఇంటికి ఆ పత్తి తీసి తెచ్చిన చేతులు వేరే వీధివి. చాలా ఊళ్లలో మాలమాదిగ పల్లెల ఆడవాళ్లు ఊరి మంచినీళ్ల బావి దగ్గర ఎవరైనా తోడి పోసేదాకా బిందెతో నిలబడాల్సి వచ్చేది. వాళ్లింట్లో పాతరలూ లేవు, దాలి మీద పాలూ లేవు. ‘ఆ రోజులే వేరు’ అనేముందు ఆ బిందెనూ గుర్తుచేసుకోవాలి.

కాలువ వచ్చాక...

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకి నీళ్లు వదిలారు. కుడికాలువ పారినచోట జొన్నచేలు వరిమళ్లయ్యాయి. తెల్లన్నం పండగ వంటకం కాకుండా పోయింది. 1972లో కర్ణాటకలో పుట్టిన ‘వరలక్ష్మి’ సంకర పత్తి కొద్ది కాలానికే ఇక్కడికీ చేరింది. పెంకుటిళ్లు, మట్టిమిద్దెలు పోయి డాబాలు లేచాయి. రోలు పక్కకి జరిగి గిర్నీ వచ్చింది. ఆడవాళ్ల అరచేతులు చల్లబడ్డాయి.

దాంతోపాటు ఇంకోటీ జరిగింది. సంకర పత్తి గింజని దాచుకుని మళ్లీ వేస్తే అదే పంట రాదు. ఏటా కొనాల్సిందే. కుండ ఖాళీ అయింది. దాని స్థానంలో పురుగుమందు డబ్బా ఇంట్లోకొచ్చింది. చేలో కంది కాయ తెంపుకుని తినే పిల్లల్ని ‘మందు కొట్టారు, ముట్టుకోవద్దు’ అని కేకలెయ్యాల్సిన రోజులొచ్చాయి. 1980ల్లో తెల్లదోమ పత్తిని తినేసింది. 1987-88లో ఈ రెండు జిల్లాల్లోనే అప్పులపాలైన పత్తిరైతులు అదే మందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తి వచ్చింది. విత్తనాల పొట్లం మీద పేర్లు మారుతున్నాయిగానీ, అది అసలుదో నకిలీదో మొలిచేదాకా తెలియని భయం మాత్రం పోలేదు.

ఇవాళ ఆ పల్లెల్లో కొళాయిలున్నాయి, గ్యాసు పొయ్యిలున్నాయి. అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లోకి గిర్నీ పట్టిన కారం ఇప్పటికీ ఎక్కుతోంది. ‘ఆ రోజులు మళ్లీ వస్తే బాగుండు’ అని తాతయ్యలు సులువుగానే అనేస్తారు. పక్కనే ఉన్న నాయనమ్మల్ని అడగండి. రోకలి వద్దంటారు, చెరువు నుంచి మోసిన బిందెలు అసలే వద్దంటారు. బూడిద కలిపి, మూతికి గుడ్డ కట్టి అటక మీద పెట్టిన ఆ విత్తనాల కుండ గురించి అడిగితే మాత్రం కాసేపు ఏమీ మాట్లాడరు.