తాతగారి క్షురయంత్రము

ఈ సంచికకు పూర్వవిద్యార్థులు తమ యనుభవములలో నేదేని యొకటి వ్రాసి పంపవలెనని కోరినప్పుడు మాకు గొప్ప విషయములేవియు తోచలేదు. మేము దూరదేశయాత్రలు చేయలేదు, పదవులు పొందలేదు. గడచిన వేసవిలో మూడు వారములపాటు మాకు నిద్రపట్టనీయని వస్తువొకటి మాత్రము గలదు. అది మా తాతగారి సేఫ్టీ రేజరు. చదువరులు నవ్వకుందురుగాక.

మా నాన్నగారికి అంతకుముందు సంవత్సరము పక్షవాతము వచ్చి కుడిచేయి స్వాధీనము తప్పెను. మాట కొంత తిరిగి వచ్చెను గాని చేయి రాలేదు. ఆయన ముప్పదియైదేండ్లు ఉపాధ్యాయులుగా నుండి, గడ్డము పెరిగిన ముఖముతో ఒక్కనాడైనను తరగతిలో అడుగుపెట్టి యెరుగరు. ఇప్పుడు వారమునకొకమారు క్షౌరకుడు మా యింటికి వచ్చి పనిచేసి పోవును. మిగిలిన ఆరు దినములు నాన్నగారు అద్దమువంక చూడరు. విద్యుత్తుతో నడచు యంత్రమొకటి కొని తెచ్చితిమి. దాని రొద వినగానే ముఖము ప్రక్కకు త్రిప్పుకొనిరి. ఒకనాటి యుదయమున మమ్ము పిలిచి, "ఒరే అబ్బాయీ, మా నాయన రేజరు భోషాణములో నుండవలెను, తీయరా" అనిరి.

భోషాణము అడుగున, పాత దస్తావేజుల క్రింద, గుడ్డలో చుట్టి అది దొరకెను. తాతగారు ఉద్యోగములో చేరిన క్రొత్తలో కొన్నదట. ఆయన తరువాత నాన్నగారు వాడిరి. ప్లాస్టికు పిడుల రేజర్లు వచ్చిన పిమ్మట మూలబడెను. చేసినవారి గుర్తు అరిగిపోయి చదువుటకు వీలులేకుండెను. తలభాగము నల్లబారి, సబ్బుమడ్డియు ఉప్పునీటి పొరయు రాయివలె గట్టిపడి, పిడి యెంత త్రిప్పినను కదలలేదు.

పట్టుకారుతో పట్టి త్రిప్పవలెనని మా చేతులు తహతహలాడినవి. కాని ఈ పాఠశాల పనిశాలలో మాకు ఆకురాయి పట్టుట నేర్పిన మేస్త్రిగారు, "మొదట నూనె, తరువాత ఓపిక, ఆ తరువాతనే పట్టుకారు" అనెడివారు. ఆ మాట జ్ఞప్తికి వచ్చి, సబ్బు కలిపిన వేడినీటిలో రాత్రియంతయు నానవేసితిమి. అమ్మ చింతపండును ఇటుకపొడియు తెచ్చి, "చెంబు తోమినట్లు తోమిన అద్దమువలె నగునుగదా" అనెను. ఇత్తడిపైనున్న తెల్లని పూత కాగితముకంటె పలుచనిదని చెప్పి ఆమెను వారించుటకు కొంత శ్రమయైనది. తెల్లవారి పాత దంతముల కుంచెతో మడ్డిని వదలించి, మర యున్నచోట కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి మరల విడిచితిమి. మూడవనాటి మధ్యాహ్నము, గుడ్డ చుట్టిన వ్రేళ్లతోనే త్రిప్పగా, కిఱ్ఱుమని పావుచుట్టు తిరిగెను. ఆ చప్పుడునకు మంచముమీద నున్న నాన్నగారు తలయెత్తి చూచిరి.

విప్పి చూడగా మూడే ముక్కలు. పైన వంపు తిరిగిన మూతరేకు. దాని నడుమ క్రిందికి దిగిన మరమేకు, దాని కిరుప్రక్కల రెండు చిన్న మొలకలు. దాని క్రింద దువ్వెనవంటి పండ్లుగల అడుగురేకు. ఆ క్రింద బోలుపిడి. నడుమ నొక బ్లేడు త్రుప్పుపట్టి ఎఱ్ఱని పొడియై యుండెను. ఇంతటి స్వల్పవస్తువులో ఇంత యుక్తి యిమిడియున్నదని మేమెన్నడు నెరుగము. బ్లేడు మందము మిల్లీమీటరులో పదియవవంతు మాత్రమే. వట్టిగా చేతబట్టినచో తాటాకువలె అల్లాడును. పిడి బిగించినకొద్ది మూతరేకు దానిని అడుగురేకుపై నదిమి విల్లువలె వంచును. ఆ వంపువలననే పలుచని రేకునకు బిగువు వచ్చి రెండంచులును కదలక నిలుచును. అంచునకును దువ్వెనపండ్లకును నడుమనున్న సందు రెండువైపులను సమానముగ నుండవలెను. లేనిచో ఒకవైపు గీయదు, రెండవవైపు కోయును. మా దానిలో ఒక మూల రెండు పండ్లు, ఎన్నడో క్రిందపడినందున కాబోలు, వంగియుండెను. వెదురుపుల్లను చెక్కి దానితో కొంచెము కొంచెముగా నెత్తుచు, అద్దపు పలకపై బోర్లించి సందులోని వెలుగును చూచుచు, ఒక దినమంతయు ఆ రెండు పండ్లతోనే గడపితిమి.

ఈ మాదిరి యంత్రమును కల్పించినవాడు అమెరికా దేశస్థుడగు కింగ్ క్యాంప్ జిల్లెట్. సీసాలకు బిరడాలు చేయు వ్యాపారములో తిరుగుచున్న ఆయనకు, ఒకమారు వాడి పారవేయు వస్తువును కనిపెట్టుమని యజమాని సలహా ఇచ్చెనట. 1895లో ఆయనకు పలుచని బ్లేడు తలపునకు వచ్చెను. అంత పలుచని ఉక్కునకు పదునుపెట్టుట సాధ్యముకాదని తెలిసినవారనిరి. విలియమ్ నికర్సన్ అను యంత్రశిల్పి దానిని సాధించెను. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడులు. 1904లో పేటెంటు లభించెను. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైనికులకు లక్షలకొలది రేజర్లు పంచిపెట్టిరి. పారవేయుటయే వ్యాపారముగా చేసిన ఈ మనుష్యుని మేము పూర్తిగా మెచ్చుకొనజాలము. అయినను ఆయన పారవేయుమన్నది బ్లేడును గాని పిడిని గాదు. నేడు మా వీధి దుకాణములో దొరకు బ్లేడు తాతగారి మొలకలకు చక్కగా అమరెను.

అమరెనను సంతోషములో మేము చేసిన తప్పు చెప్పవలెను. క్రొత్త బ్లేడు పెట్టి, గట్టిగా నుండవలెనని ఇంకొక పావుచుట్టు బిగించితిమి. పిడి మెడవద్ద టక్కుమనెను. పైనుండి క్రిందికి వెండ్రుకవాసి బీట! మర పట్టు వదలెను; మూత ఊగిపోయెను. డెబ్బదియేండ్లకు పైగా నిలిచినదానిని మేము ఒక్క నిమిషములో పగులగొట్టితిమి. నాన్నగారు "ఏమైనదిరా?" అని యడుగగా, "ఇంకను పని యున్న"దని బొంకితిమి.

ఆ రాత్రి పుస్తకములు తిరుగవేయగా కొంత ఊరట కలిగెను. ఇత్తడి రాగియు తుత్తునాగమును కలిసిన లోహము. దానిని చల్లగానుండగనే లాగి గొట్టముగా చేయునప్పుడు కంటికి కానరాని బిగువు లోపల మిగిలిపోవును. తేమయు అమ్మోనియాయు సోకినచో, ఆ బిగువు ఏండ్లు గడచిన పిమ్మట పగులై బయటపడును. దీనిని సీజన్ క్రాకింగ్ అందురు. ఈ పేరునకు మన దేశపు వానకాలమే కారణమని చెప్పుదురు. బ్రిటిషు సైన్యమువారు ఇక్కడ గుఱ్ఱపుసాలలలో నిలువచేసిన తూటాల ఇత్తడి తొడుగులు వానకాలమున వాడకమునుపే పగులుచుండెను. గుఱ్ఱముల మూత్రమునుండి పుట్టు అమ్మోనియాయే అందులకు మూలము. మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు 1921లో ఈ సంగతిని విపులముగా వివరించిరి. మా భోషాణమున్న గది గోడకు ఆవలివైపున, మా చిన్ననాడు, పశువుల కొట్టముండెను. ఇదియే కారణమని ప్రమాణము చేయజాలము. ఆ కడపటి పావుచుట్టు మాత్రము మాదే.

మరునాడు మా వీధిలోని కంసాలి ఆచారిగారియొద్దకు పోయితిమి. ఆయన పిడిని కంటికి దగ్గరగా పట్టి, "బాబూ, దీనికి అతుకు నిలువదు. రోకలికి వేసినట్లు పొన్ను వేయవలెను" అనిరి. మా పుస్తకములలో నెక్కడను లేని మాట! ఇత్తడిరేకును సన్నని పట్టెగా కత్తిరించి, చుట్టి, పిడిమెడకు బిగువుగా పట్టునంతవరకు లోపల ఆకురాయితో రాచి, వెచ్చచేసి తొడిగి, తగరపు మాటుతో పట్టించిరి. మాటు పట్టుటకు నవాసాగరము చల్లబోగా, అది అమ్మోనియా లవణమని, ఇత్తడికి కీడని, మేము అడ్డుపడితిమి. "చదువుకొన్నవారికి భయములు మెండు" అని నవ్వి వేరొక మందు వాడి, మాకొరకు ముమ్మారు వేడినీట కడిగిరి. తెల్లని పిడికి పచ్చని యుంగరము తొడిగినట్లున్నది. అందము లేదు గాని, బిగించినప్పుడు బీట విచ్చుకొనదు.

మొదట మా ముఖమునే పరీక్షకు పెట్టి, గవదవద్ద రెండు గాట్లు పెట్టుకొంటిమి. అదిమి పట్టినందున గాట్లు పడినవి. యంత్రము బరువే చాలునని మూడవనాటికి తెలిసెను. నాలుగవనాడు నాన్నగారిని కిటికీయొద్ద కూర్చుండబెట్టి, వేడినీటి గుడ్డతో తడిపి, నురుగు పూసితిమి. పొన్నును బొటనవ్రేలితో తడవి చూచి, "ఇది మునుపు లేదే" అనిరి. జరిగినదంతయు చెప్పితిమి. ఆయన కోపపడలేదు. "మా నాయనకూడ ఒకమారు బావిగట్టుమీద పడవేసినాడురా. ఆ పండ్లు అప్పుడే వంగినవి" అనిరి.

కుడిచెంప, పై పెదవి, మెడ, అన్నియు మేమే గీచితిమి. ఎడమచెంప చివరకు వచ్చునప్పటికి నాన్నగారు మా మణికట్టు పట్టుకొని ఆపి, ఎడమచేయి చాచిరి. ఇచ్చుటకు మేము జంకితిమి. అద్దము పట్టుమని కనుసైగ చేసిరి. పట్టితిమి. చెవి క్రిందనుండి దవడవరకు, వ్రేలెడు మేర, గడియారములో పెద్దముల్లు నాలుగు నిమిషములు కదలునంత సేపు ఆయనే గీచుకొనిరి.