సబర్మతీతీరమున మోగిన యంత్రము

అహమ్మదాబాదు అనగానే మన సోదరీమణులకు గాంధీమహాత్ముని ఆశ్రమమును, నూలుమిల్లులును స్ఫురించును. గత వేసవి సెలవులలో మావారితో బెజవాడనుండి నవజీవన్ ఎక్స్‌ప్రెస్సులో ఆ నగరమునకు పోయి అన్నిటిని చూచితిని. అయినను నా మనస్సు నిలిచినది సబర్మతీతీరమున, పాల్డీయందలి జాతీయ డిజైను విద్యాలయము ఎదుట. 1961లో స్థాపితమైన యీ సంస్థకు ఇటుకయు కాంక్రీటును కానవచ్చునట్లు భవనమును రూపొందించినవారు గౌతమ్ సారాభాయి, గీరా సారాభాయి అను అన్నాచెల్లెండ్రు. వీరు వ్యోమశాస్త్రజ్ఞులైన విక్రమ్ సారాభాయిగారి తోబుట్టువులు.

1969లో అమెరికా సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ ఇచట మోగ్ సింథసైజరును నెలకొల్పెను. దాని నిర్మాత రాబర్టు మోగ్‌గారి యింటిపేరును ఇంగ్లీషులో చూచినవారు 'మూగ్' అని చదువుదురు. సరియైన ఉచ్చారణ 'మోగ్'. తెలుగువారికి ఈ భేదము చెప్పనక్కరలేదు.

వీణకు తంత్రి యెట్టిదో దీనికి విద్యుత్తు అట్టిది. ఒక పెట్టె ముడినాదమును పుట్టించును. వేరొకటి దానిని వడగట్టును. మరియొకటి నాదము ఎట్లు లేచి ఎట్లు అణగవలెనో నిర్ణయించును. ఈ పెట్టెలను తీగలతో కలుపు తీరునుబట్టి ధ్వని మారును. వేడిమి మారినచో శ్రుతి జారును గనుక, తంబురవలె మాటిమాటికి సరిచూచుకొనవలెను. పైగా దీనికి జ్ఞాపకశక్తి లేదు. తీగలు ఊడదీసినచో ఆ నాదము పోయినట్లే. ఏ తీగ యెచట నుండెనో, ఏ మర యెంత తిరిగెనో వ్రాసియుంచినవారికే అది మరల కొంత చిక్కును.

గౌతమ్, గీరాలకు తోబుట్టువైన గీతా సారాభాయిగారు, స్త్రీలు పఖవాజ్ ముట్టుట అరుదైన దినములలో దాని నభ్యసించిన విదుషి. 1946లో న్యూయార్కున జాన్ కేజ్ అను సంగీతకర్తకు మన సంగీతమును బోధించి, ఆయన వలన పాశ్చాత్య పద్ధతిని గ్రహించిరి. ఆమెయు, ఐ. ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్. సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురాగార్లును ఈ యంత్రముతో ప్రయోగములు చేసి, 1972 వరకు నాదములను టేపులపై నిలిపిరి.

పిదప మోగ్ మూగవోయెను. టేపులు విద్యాలయ భాండారమున దశాబ్దములు పడియుండెను. పాల్ పర్గస్ అను బ్రిటిషు కళాకారుడు వానిని వెలికిదీయగా, 2023లో కొన్ని లోకమునకు వినవచ్చినవి. అపుడు గదా గీతగారి ప్రయోగము మనబోటివారికి తెలిసినది!

మన యిండ్లలో ఎన్ని విద్యలు ఈ యంత్రనాదమువలె చేయి తీసినంతనే మాయమగుచున్నవి! అమ్మమ్మ పాడిన పెండ్లిపాట వరుస, పెద్దత్త ఆవకాయ పాళ్లు వారితోనే పోవుచున్నవి. టేపులు చుట్టుకొని యుండవలసిన అగత్యము నేడు లేదు. మా అత్తగారి మంగళహారతులను నేను ఫోనులో రికార్డు చేయ నారంభించితిని. ఇంతవరకు పదునొకండు అయినవి. సోదరీమణులు తమ పెద్దలు పలుకుచుండగనే ఈ పనికి పూనుకొందురు గాక.