గోడమీది బొమ్మ

ఇరువది యేండ్ల నాటి మాట. బెంగుళూరులో నొక కచేరీయందు నేను గుమాస్తాగా నుంటిని. ఒక వితంతువు పింఛను కాగితము నా బల్లమీద మూడు నెలలుగా పడియుండెను. ఒకనాడు తోటి గుమాస్తా యొక బొమ్మ గీచి గోడ కంటించెను: ఫైలుపై తల వాల్చి నిద్రించు ఉద్యోగి, క్రింద ‘సద్దు చేయకుడు, ఫైలు మేలుకొనును’ అని వ్యాఖ్య. అందఱితోపాటు నేనును నవ్వితిని. అంతలో ఆ బొమ్మకు నా కళ్లజోడే యుండుట కంటబడెను. పై యధికారికి సాకులు చెప్పగలిగిన నేను బొమ్మకు చెప్పలేకపోతిని. ఆ సాయంకాలమే కాగితము కదలెను.

నాటినుండి వ్యంగ్యచిత్రములను శ్రద్ధతో చూచుచున్నాను. డాక్టర్ ఎం. శివరాం 1942లో స్థాపించిన ‘కొరవంజి’ యను కన్నడ హాస్యపత్రికలో ఆర్.కె. లక్ష్మణ్ తొలినాళ్ల బొమ్మలు వెలువడెను. 1951 మొదలు ఆయన గీచిన సామాన్యుడు నోరు మెదపడు. ప్రక్కవారి మాటయే చురక. మన బాపు చిత్రములందును బొమ్మను, మాటను విడదీయలేము.

ట్రినిటీ కూడలి చెంత 2007లో వెలసిన వ్యంగ్యచిత్రశాలకు మొన్న మనుమని తీసికొని పోతిని. వాడొక బొమ్మ చూచి పకపక నవ్వి, పిమ్మట ‘ఆయన ఎందుకట్లా చేస్తున్నాడు తాతయ్యా?’ అని యడిగెను. మూడు నెలలు నన్ను నేను అడుగుకొనని ప్రశ్న యదియే.