మన్ను లేని సేద్యము

మన్నును నమ్ముకొన్న సీమ మనది. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రునేలలో వరి, చెరకు, అరటి పండించుకొను కొవ్వూరు ప్రాంతమువారికి మన్ను లేని సేద్యమనిన వింతగా తోచుట సహజము. మేమును మొదట నవ్వుకొన్నవారమే.

ఒకనాడు తరగతిలో ఆ ప్రసక్తి రాగా వెనుక బెంచీలోని ఒక విద్యార్థి లేచి, “మాస్టారూ, మాకు సెంటు భూమి లేదండి. మా నాన్నది కౌలు వ్యవసాయం. నేల లేకుండా నిజంగా పండుతుందాండి?” అని అడిగెను. తరగతి నవ్వెను, మేము నవ్వలేకపోతిమి.

ఈ విద్య కొత్తది కాదు. 1929 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో గెరికీ అను శాస్త్రజ్ఞుడు పోషకజలములో టమాటాలు పెంచెను. మన దేశములో 1946లో షోల్టో డగ్లస్ కాలింపాంగులో చవకపద్ధతిని ప్రయోగించెను. ఇది చెప్పిన చాలునా? చేసి చూడవలెననుకొంటిమి.

నవంబరులో మేమును, ఆ విద్యార్థియు మేడమీద షేడ్‌నెట్టు కట్టి, కొబ్బరి పొట్టు నింపిన సంచులలో పన్నెండు స్ట్రాబెర్రీ మొక్కలు నాటితిమి. కొద్ది దినములకే ఆకుల అంచులు మాడెను. ఏటికి ఆవల కడియపులంక నర్సరీలో పనిచేయు పెద్దాయన మా గోడు విని, “పొట్టు కడిగారా అండీ?” అని ఒక్క మాట అడిగెను. పొట్టులో సోడియము, పొటాషియము లవణము లుండును. మంచినీట పలుమార్లు కడిగి, కాల్షియం నైట్రేటు ద్రావణములో నానబెట్టి, మరల కడుగవలెను. మేము చదివియే యుంటిమి, చేయలేదు!

మరల నాటితిమి. ఫిబ్రవరిలో పండ్లు వచ్చెను. అన్నియు తూచిన ముప్పావు కిలో లేదు. మార్చి ఎండకు పూత ఆగెను. లంబసింగి చలిలో పండు మొక్కకు చల్లని రాత్రులు కావలెను. పాలీహౌసు కట్టి చల్లదనము కొనవచ్చును గాని, ఆ ఖర్చు కౌలురైతుకు అందదు.

నేల లేకున్నను మొక్క బ్రదుకును. కాని తేమను నిలుపుట, ఎరువును దాచి కొలతగా అందించుట మొదలగు నేల చేయు పనులన్నియు మనమే దినదినము చేయవలెను. ఒక ఆదివారము మేము నీరు మరచినందుకు రెండు మొక్కలు పోయినవి.

ఆ విద్యార్థికి ఈ లెక్క దాచక చెప్పితిమి. అతడు కొంతసేపు ఊరకుండి, “ఆ సంచులు నేను తీసుకుపోనాండి?” అనెను. వేసవిలో వారి తల్లి మాకొక తోటకూర కట్ట పంపినది. అది ఆ సంచులలో పెరిగినదే.